శిబిరానికి మనం పోవాలా, శిబిరమే మన దగ్గరికి రావాలా?

(సంవాదం)

స్థలం: అండమాన్‌లో వండూర్ జెట్టీ పక్కన టీ కొట్టు. రోజు: సోమవారం. మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు వారంలో ఆ ఒక్కరోజు సెలవు కాబట్టి జాలీబాయ్ దీవి వైపు పడవలు కదలవు. పాత్రలు ఇద్దరు. ఒకరు పర్యాటకుల పడవ నడిపే శ్రీకాకుళం మూలాల తెలుగాయన. ఇంకొకరు ఆయన అక్క భర్త, పోర్ట్‌బ్లేర్‌లో పనిచేసి రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు. పడవాయన కూతురు పదకొండో తరగతి, స్కూలు వాలీబాల్ జట్టులో సెట్టర్. చెన్నైలోని ఒక ప్రైవేటు కాలేజీ పేరుతో వాట్సాప్‌లో కరపత్రం వచ్చింది: ఏడు రోజుల సెలక్షన్ క్యాంపు, ఫీజు పదహారు వేలు, ప్రతిభ చూపినవారికి ఉచిత సీటు.

పడవాయన: కాగితం చూశావు కదా బావా. ఏటంటావు? డబ్బు కట్టడానికి శుక్రవారం ఆఖరు.

మాష్టారు: చూశాను. అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా చదివాను. మన పిల్ల పేరు ఎక్కడా లేదు.

పడవాయన: పేరెందుకుంటాది? అందరికీ పంపిన కాగితం అది.

మాష్టారు: మరి అందరికీ పంపిన కాగితం పట్టుకుని, కోడలుపిల్లను కాలేజీవాళ్లు పిలిచారని మీ ఆవిడ వీధంతా మిఠాయి పంచిందేమిటిరా?

పడవాయన: నీ చెల్లెలి సంబరం అది, దాన్నొదిలెయ్. నాకు ఒక్క మాట చెప్పు. ఇన్నేళ్లు టౌనులో పిల్లల్ని ఆడించావు. ఏ కాలేజీ కోచ్ అయినా ఆట చూడ్డానికి వండూర్ రోడ్డు ఎక్కాడా? టౌను నుంచి ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపే. చెన్నై నుంచి టౌనుకు వెయ్యి కిలోమీటర్ల పైన నీళ్లు, ఓడలో మూడు రోజులు. వాళ్లెవరూ రారు. అందుకే మనమే పోవాలంటున్నాను. వల వేయకుండా చేప పడతాదేటి?

మాష్టారు: వల నీ చేతిలో ఉందనుకుంటున్నావు. ఈ వ్యవహారంలో వల వాళ్లది, చేప మనం.

పడవాయన: నీకు అన్నింట్లోనూ మోసమే కనపడతాది.

మాష్టారు: మోసమని నేననలేదు. ఏడు రోజులు నిజంగానే ఆడిస్తారు, మంచి భోజనమే పెడతారు, ఆఖరి రోజు సర్టిఫికెట్ చేతిలో పెడతారు. నా అనుమానం ఎంపిక మాటమీద. లెక్క వేద్దాం రా. ఫీజు పదహారు వేలు. ఆడపిల్ల కాబట్టి తోడుగా నువ్వో మీ ఆవిడో వెళ్లాలి. ఓడ ఎక్కితే రానూపోనూ వారం పోతుంది, విమానమైతే ఇద్దరి టికెట్లే ఫీజును మించుతాయి. సీజన్‌లో అన్ని రోజులు నీ పడవ ఒడ్డున కూర్చుంటుంది. యాభై వేలకు తగ్గుతుందా?

పడవాయన: తగ్గదు. కానీ కాలేజీ ఫీజూ హాస్టలూ కలిపితే మూడేళ్లకు లక్షల్లో మాట. ఉచిత సీటు వస్తే ఆ యాభై వేలు ఒక లెక్కా?

మాష్టారు: "వస్తే" అన్నావు చూడు, లెక్కంతా అక్కడుంది. వాలీబాల్ జట్టుకు పన్నెండు మంది. అందులో సెట్టర్లు మహా అయితే ఇద్దరు. ఆ కాలేజీలో ఇప్పుడున్న సెట్టర్లు ఫస్టియర్, సెకండియర్ పిల్లలైతే ఈ ఏడాది వాళ్లకు కొత్త సెట్టర్‌తో పనే లేదు. నీ కూతురు ఎంత బాగా ఆడినా చప్పట్లు కొట్టి పంపేస్తారు. కరపత్రంలో ఎన్ని సీట్లున్నాయో రాశారా? ఏ స్థానంలో ఆడేవాళ్లు కావాలో రాశారా?

పడవాయన: రాయలేదు.

మాష్టారు: నిజంగా సెట్టర్ కావలసిన కోచ్ అయితే సెట్టర్ కావాలనే రాస్తాడు. ఎవరొచ్చినా ఫర్వాలేదు అనేవాడికి కావలసింది ఫీజు.

పడవాయన: చెన్నై కాలేజీలు ఆటగాళ్లకు సీట్లిచ్చి హాస్టల్లో పెట్టి చదివిస్తాయని నువ్వే కదా చెప్పేవాడివి? ఎస్‌ఆర్‌ఎం అనీ జేప్పియార్ అనీ వాలీబాల్ జట్ల పేర్లు నీ నోటే విన్నాను.

మాష్టారు: చెప్పాను, ఇప్పుడూ చెబుతాను. తమిళనాడులో ఆ సంప్రదాయం గట్టిది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో కప్పు వస్తే కాలేజీ పేరు పేపర్లో పడుతుంది, ఆ పిల్లల్లో కొందరికి రైల్వేలాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలొస్తాయి. అందుకని మంచి కోచ్‌లు పిల్లల కోసం వెతుకుతూనే ఉంటారు. అయితే వాళ్లు వెతికేది పోటీలు జరిగే చోట. నచ్చిన పిల్లను ట్రయల్‌కు రమ్మని ఫోన్ చేస్తారు. ఆ ఫోన్‌కు ఫీజుండదు.

పడవాయన: పోటీలు జరిగే చోట అంటావు. మన దీవుల జట్టు స్కూల్ గేమ్స్ నేషనల్స్‌కు పోతే ఏమవుతోందో నాకు తెలీదా? ఓడ దిగి, రైలెక్కి, ఒళ్లు హూనమై గ్రౌండుకు చేరతారు. లీగులో కేరళ, తమిళనాడు జట్లు తగిలితే పొద్దున్న మొదలైన ఆట టిఫిన్ వేళకు అయిపోతాది. ఓడిపోయిన జట్టులో సెట్టర్‌ని చూసేదెవడు? సెట్టర్ ఎంత బాగా బంతి లేపినా కొట్టేవాళ్లు కొట్టకపోతే ఆ బంతి ఎవరి లెక్కలోనూ పడదు. క్యాంపులో అయితే గట్టి స్మాషర్ పక్కన నిలబడి ఆడతాది. అప్పుడు కదా దాని చేతివాటం తెలిసేది!

మాష్టారు: ఈ మాట బాగుంది. ఒప్పుకోవలసిందే. బలహీనమైన జట్టులో మంచి సెట్టర్ మరుగున పడిపోతుంది.

పడవాయన: ఒప్పుకున్నావు కదా, ఇక డబ్బు కట్టేయనా?

మాష్టారు: ఆగరా. టెక్సాస్‌లో మా పెద్దదాని ఇంట్లో ఉన్నప్పుడు నేను చూసింది చెబుతాను, తరవాత నీ ఇష్టం. మనవరాలు అక్కడ హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. బేస్‌బాల్ లాంటిదే, బంతి పెద్దది, విసిరేవాళ్లు చేతిని కిందనుంచి గిర్రున తిప్పి విసురుతారు. మా పిల్ల క్యాచర్, అంటే ఆ బంతిని పట్టుకునేది. అక్కడ ఈ కాలేజీ క్యాంపులు పెద్ద వ్యాపారం. ఒక్కరోజు క్యాంపుకు వంద నుంచి మూడొందల డాలర్ల దాకా తీసుకుంటారు. మా అల్లుడి ఈమెయిల్ నిండా అవే. "మీ అమ్మాయి ఆట మాకు నచ్చింది, మా క్యాంపుకు రండి" అని. పక్కింటి పిల్లకూ అదే ఉత్తరం, పేరొక్కటే తేడా.

పడవాయన: అంత చదువుకున్నవాళ్లు కూడా పడిపోయారా?

మాష్టారు: పిల్లల విషయంలో చదువు అక్కరకు రాదు. నేనూ ఒక క్యాంపుకు వెళ్లాను. పొద్దున ఎనిమిదింటికే మైదానం నిండా ఆడపిల్లలు, వీపుల మీద నంబరు కాగితాలు. ఒక మూల బంతి వేగం కొలిచే రాడార్ గన్, ఒక మూల స్టాప్‌వాచ్. క్యాచర్లను ప్లేటు వెనక కూర్చోబెట్టి, బంతి చేతిలో పడిన క్షణం నుంచి రెండో బేస్ దగ్గర ఇంకొకరి గ్లవ్‌లో పడేదాకా ఎంత పడుతోందో కొలుస్తున్నారు. రెండు సెకన్లు అటూ ఇటూ. రాసుకుంటున్న కోచ్ వెనక నిలబడి కాగితంలోకి తొంగి చూశాను. కొన్ని నంబర్ల పక్కన పొద్దున్నే చుక్కలు పెట్టి ఉన్నాయి. ఆ పిల్లల ఆట అప్పటికే ఎక్కడో చూసి ఉన్నారు. సాయంత్రం దాకా ఆవిడ కళ్లు ఆ నంబర్ల వెంటే తిరిగాయి. మా పిల్ల నంబరు పక్కన చుక్క లేదు.

పడవాయన: మరి చుక్కలున్న వాళ్లనే పిలుచుకోవచ్చు కదా! అందరినీ రమ్మనడమెందుకు?

మాష్టారు: వాళ్ల కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అని ఉంది. కాలేజీ పెట్టే క్యాంపు తలుపులు అందరికీ తెరిచి ఉండాలని దాని నిబంధన. వయసు, తరగతి, సంఖ్య, ఆడా మగా, ఈ పరిమితులే పెట్టవచ్చు. ఫలితం ఏమిటంటే పదిమంది కోసం క్యాంపు పెట్టి వందమంది దగ్గర ఫీజు తీసుకోవచ్చు. ఆ డబ్బు కోచ్‌లకు అదనపు ఆదాయం. ఇంకో నిబంధన కూడా ఉంది. కాలేజీ జట్లను డివిజన్లుగా విడదీశారు. పై డివిజన్‌లో, పిల్ల పదకొండో తరగతిలోకి వచ్చిన సెప్టెంబర్ 1 కంటే ముందు కోచ్ ఎంపిక మాట ఎత్తకూడదు. ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర కూడా కాలేజీలు మాట తీసుకుంటున్నాయని గోల అయ్యాక 2018లో సాఫ్ట్‌బాల్‌కు ఇది తెచ్చారు. అయినా తొమ్మిదో తరగతి పిల్లలు క్యాంపులకు వస్తూనే ఉన్నారు. కోచ్ ఎంపిక గురించి మాట్లాడటానికే వీల్లేని వయసులో ఎంపిక అవుతామని డబ్బు కడుతున్నారు.

పడవాయన: మరి అక్కడ సీటొస్తే చదువంతా ఉచితమేనా?

మాష్టారు: అదీ భ్రమే. అమెరికాలో హైస్కూల్ స్థాయిలో సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలు మూడు లక్షల పైచిలుకు. పై డివిజన్‌లో జట్లు దాదాపు మూడొందలు. మొన్న మొన్నటిదాకా ఒక్కో జట్టుకు పన్నెండు స్కాలర్‌షిప్‌లే పరిమితి. జట్టులో ఇరవై మంది ఉంటే ఆ పన్నెండునే ముక్కలు చేసి పంచేవారు. 2025 నుంచి ఆ పరిమితి తీసేసి, కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకు జట్టులో ఇరవై అయిదు మందికి మించకూడదన్నారు. మూడో డివిజన్ కాలేజీల్లో ఆట పేరుతో స్కాలర్‌షిప్పే లేదు. ఇవన్నీ బహిరంగంగా ఉన్న లెక్కలే. తల్లిదండ్రులు ఫీజు కట్టాక చదువుకుంటారు.

పడవాయన: సరే బావా. ఆ క్యాంపుల వల్ల మీ మనవరాలికి ఒరిగిందేమీ లేదా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు.

మాష్టారు: ఒకచోట ఒరిగింది. చిన్న కాలేజీ, పాతిక ముప్పై మంది పిల్లలే ఉన్నారు. అక్కడి కోచ్ మా పిల్ల విసరడం రెండు మూడుసార్లు చూసి, ఎడమ పాదం ముందే తిరిగిపోతోందని పట్టుకుంది. తనే మోకాలి మీద కూర్చుని ఆ పాదం చేత్తో సరిచేసి మళ్లీ విసరమంది. ఇంటికొచ్చాక ఈమెయిల్‌లో కూడా అదే విషయం రాసింది. మా పిల్ల విసురు అప్పటి నుంచి మారిపోయింది.

పడవాయన: చూశావా మరి! క్యాంపు పనికొచ్చింది. నువ్వే అన్నావు.

మాష్టారు: పనికొచ్చింది నేర్చుకోవడానికి. ఎంపిక కావడానికి కాదు. ఆ కోచ్ ఆ రోజు పిల్లకు పాఠం చెప్పింది, ఆ డబ్బు పాఠానికి కట్టాం అనుకుంటే నాకు బాధ లేదు. క్యాంపు పెట్టేవాళ్లు కూడా "నేర్పిస్తాం" అని చెప్పి తీసుకుంటే గొడవే లేదు. "సెలక్షన్" అనే మాట తగిలిస్తే ఫీజు మూడింతలవుతుంది.

పడవాయన: అమెరికా సంగతి అమెరికాది. మన దీవుల సంగతి చూడు. డెబోరా హెరాల్డ్ ఎలా వెళ్లింది? 2004 సునామీలో తొమ్మిదేళ్ల పిల్ల, కార్ నికోబార్‌లో చెట్టెక్కి రోజుల తరబడి ప్రాణం నిలబెట్టుకుంది. ఆ పిల్ల సైకిల్ పందేల కోసం ఢిల్లీ వెలోడ్రోమ్‌కు చేరింది, 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచ ర్యాంకుల్లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఇంకో సైక్లిస్టు ఈసో ఆల్బెన్ సంగతేటి? 2018లో స్విట్జర్లాండ్‌లో జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్‌లో వెండి పతకం. మరుసటి ఏడాది జర్మనీలో టీమ్ స్ప్రింట్‌లో బంగారం. ఎవరో ఒకరు ఎంపిక చేయబట్టే కదా వాళ్లు ఇక్కడి నుంచి బయటపడ్డారు?

మాష్టారు: సరైన చోటికే వచ్చావు. వాళ్లను బయటికి తీసినదేమిటి? పోర్ట్‌బ్లేర్‌లో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రం ఉంది. అక్కడ చేరిన పిల్లకు తిండి, సైకిలు, కోచ్ అన్నీ ప్రభుత్వానివే. రోజూ పొద్దున్నా సాయంత్రం తొక్కిస్తారు. నెలల తరబడి చూసి, కాలు ఎవరిది ముదురుతోందో తెలిశాక ఢిల్లీ పంపుతారు. ఏడు రోజుల క్యాంపులో డెబోరాను చూసి ఉంటే ఏం తెలిసేది? నికోబార్ నుంచి వచ్చిన బెదురుచూపుల పిల్ల అనుకునేవారు.

పడవాయన: నికోబార్ పిల్లలకు ఆ కేంద్రం ఉంది, సైకిలు ఉంది. మన పిల్ల ఆడేది వాలీబాల్ కదా.

మాష్టారు: అందుకే ఆట ఏదైనా పనికొచ్చే సూత్రం చెబుతున్నాను. పిల్లను చాలాకాలం చూసినవాడి మాటకు విలువ ఎక్కువ, ఒక్క పూట చూసినవాడి మాటకు తక్కువ. మన విశాఖ జ్యోతి యర్రాజీనే తీసుకో. పోర్ట్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ పిల్ల ఎత్తు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందన్నాడు. రాష్ట్ర స్థాయి పోటీల్లో గెలిచాక హైదరాబాద్‌లో ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ రమేష్ దగ్గరికి చేరింది. అక్కడి నుంచి గుంటూరు, భువనేశ్వర్. 2023లోనూ 2025లోనూ ఆసియా చాంపియన్ అయింది. మధ్యలో పారిస్ ఒలింపిక్స్‌కూ వెళ్లింది. వరస చూడు: బడిలో మాష్టారు, పోటీ, కోచ్. ఫీజు కట్టి ఎంపికైన మెట్టు ఒక్కటీ లేదు.

పడవాయన: నువ్వు మాష్టారివి కాబట్టి మాష్టర్ల గొప్ప చెబుతావు. వండూర్ స్కూలు పిల్లలందరికీ అలాంటి మాష్టారు దొరుకుతాడేటి? దొరికినా ఆ మాష్టారికి చెన్నైలో ఫోన్ చేసే పలుకుబడి ఉందా? అక్కడివాళ్లకైతే హైదరాబాద్ దగ్గర హకీంపేట స్పోర్ట్స్ స్కూలుంది. నాలుగో తరగతి పిల్లలకు మండలంలో, జిల్లాలో, రాష్ట్రంలో వరసగా పరీక్షలు పెట్టి తీసుకుంటారట.

మాష్టారు: అవును, 1993లో మొదలుపెట్టారు. ముప్పై మీటర్ల పరుగు, నిలబడి ముందుకు దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, ఎనిమిదొందల మీటర్ల పరుగు. ఎత్తూ బరువూ కూడా చూస్తారు. ఎంపికైతే చదువూ తిండీ ప్రభుత్వానివే.

పడవాయన: అది మండలం దాకా వచ్చింది కాబట్టి మారుమూల పిల్ల కూడా దూకి చూపించగలిగింది. మన దగ్గరికి ఏదొస్తాది? కేంద్రం 2024లో కీర్తి అని ఒకటి పెట్టింది, తొమ్మిదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల్ని పరీక్షించి ఖేలో ఇండియాకు తీసుకుంటామంది. ఎంపికైతే నెలకు పదివేలు చేతి ఖర్చులకు. మంచిదే. కానీ ట్రయల్స్ కబురు నాలాంటివాడికి చేరేసరికి ట్రయల్స్ అయిపోతాయి. నేను పొద్దున అయిదింటికి లేచి, ప్లాస్టిక్ సీసాలు తనిఖీ చేయించి, టూరిస్టులను ఎక్కించుకుని సముద్రం మీదకు పోతాను. అక్కడ ఫోనుకు సిగ్నలుండదు. ప్రభుత్వం కబురు రాదు, ప్రైవేటువాడి కబురు వస్తాది. వచ్చినదాన్ని నమ్మక ఏం చేయమంటావు?

మాష్టారు: దానికి నా దగ్గర జవాబు లేదు. తప్పు నీది కాదు. కబురు చేరవేయలేని వ్యవస్థది. ఆ ఖాళీలోనే ఈ కరపత్రాలు మొలుస్తున్నాయి.

పడవాయన: ఇంకో సంగతి. పిల్ల ఇప్పటిదాకా ఆడింది ఈ ఒడ్డున, సునామీకి ఎండిపోయిన చెట్ల మోళ్ల పక్కన ఇసుక కోర్టు మీద. ఈ ఊళ్లో అదే గొప్ప సెట్టర్. అక్కడికి పోతే తనకన్నా పొడుగువాళ్లు, వేగంగా ఆడేవాళ్లు కనపడతారు. తన స్థాయి ఏటో తనకే తెలుస్తాది. ఓడిపోయి వచ్చినా నష్టం లేదు. తెలియకుండా ఇరవై ఏళ్లు "నన్నెవరూ పంపలేదు" అని ఏడవడం కన్నా తెలుసుకుని చదువు మీద పడితే మంచిది కాదా?

మాష్టారు: నీ వాదనలో ఇది అన్నిటికన్నా బలమైన మాట. తన కొలత తెలియడం పిల్లకు మేలే. అయితే కొలవడానికి యాభై వేలెందుకు? చెబుతాను విను. పిల్ల నిలబడి చెయ్యి పైకెత్తితే ఎక్కడ అందుతుందో గోడమీద గీత గీయి. ఎగిరి అందుకున్నచోట ఇంకో గీత. రెంటి మధ్యా తేడా రాసుకో. ఆడవాళ్ల నెట్టు ఎత్తు రెండు మీటర్ల ఇరవై నాలుగు సెంటీమీటర్లు. దానికి ఎంత పైన చెయ్యి వెళుతోందో చూడు. ఏ కోచ్ అయినా మొదట అడిగేవి ఈ అంకెలే. తరవాత ఫోన్ పట్టుకుని కోర్టు వెనక మూల నుంచి ఒక సెట్టు మొత్తం వీడియో తియ్యి. బాగా ఆడిన ముక్కలు కోసి అతికించి పాట పెట్టకు. సెట్టర్‌లో కోచ్ చూసేది బంతి కన్నా పాదాలను. బంతి వచ్చేలోపు పాదాలు దాని కిందకు చేరాయా, వేళ్ల నుంచి బంతి గిర్రున తిరగకుండా వెళ్లిందా, పాస్ చెడిపోయినప్పుడు ఏం చేసింది. పాస్ చెడిన బంతులే ముఖ్యం, వాటిని అస్సలు తీసేయకు.

పడవాయన: ఆ వీడియో ఎవరికి పంపాలి?

మాష్టారు: పది కాలేజీల కోచ్‌లకు. చెన్నైలో, విశాఖలో, పుదుచ్చేరిలో. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, ఆ రెండు గీతల అంకెలు, పదో తరగతి మార్కులు. నాలుగు వాక్యాలు చాలు. ఎక్కువమంది జవాబివ్వరు. ఒక్కడు "పాస్ చెడినప్పుడు ఎడమకే పంపుతోంది, కుడికి ఎందుకు పంపట్లేదు" అని రాశాడనుకో, వాడు చూశాడన్నమాట. వాడు క్యాంపుకు రమ్మంటే అప్పు చేసైనా పంపు. నేనూ సగం ఇస్తాను.

పడవాయన: అంటే క్యాంపే వద్దని కాదన్నమాట నీ మాట.

మాష్టారు: కాదు. క్యాంపుకు ముందు పరిచయం ఉండాలన్నదే నా మాట. టెక్సాస్‌లో నంబర్ల పక్కన చుక్కలున్నాయే, ఆ చుక్క పడ్డాక వెళ్లిన పిల్లకు క్యాంపు పనికొస్తుంది. చుక్క లేకుండా వెళ్లిన పిల్ల ఫీజు మీద మిగతావాళ్లకు భోజనం నడుస్తుంది.

పడవాయన: నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోను బావా. వీడియోలు తీసి ఈమెయిళ్లు రాయగలిగినవాళ్ల పిల్లలకే చుక్కలు పడతాయి. నువ్వున్నావు కాబట్టి నా పిల్లకు రాసిపెడతావు. గుప్తాపారాలో వల లాగేవాడి కూతురికి ఎవరు రాసిపెడతారు? ఆ పిల్లకు తలుపు తెరిచి ఉన్నది డబ్బు కట్టే క్యాంపు ఒక్కటే. అప్పో సప్పో చేస్తే అందులోకి అడుగు పెట్టగలదు.

మాష్టారు: అప్పు చేసి అడుగుపెట్టే తలుపును తెరిచి ఉందనగలమా? కానీ నువ్వన్న అన్యాయం నిజం. దాన్ని సరిచేసేది నా వీడియో కాదు, నీ యాభై వేలూ కాదు. పిల్లల్ని నీళ్లు దాటించడం మాని కోచ్‌లను దాటించాలి. ఈ దీవుల నుంచి యాభైమంది పిల్లలు తోడుమనుషులతో చెన్నై వెళ్లిరావడానికి అయ్యే డబ్బులో చిన్న వంతు చాలు, నలుగురు కాలేజీ కోచ్‌లను పోర్ట్‌బ్లేర్‌కు పిలిపించి మూడు రోజులు ఉంచడానికి. నేతాజీ స్టేడియం ఉంది. పిల్లలు బస్సెక్కి వస్తారు. ఫీజు అక్కర్లేదు. పొద్దున ఆడి సాయంత్రం ఇంటికెళ్లి పడుకుంటారు.

పడవాయన: ఎవరు పిలుస్తారు? మనం పిలిస్తే వస్తారేటి?

మాష్టారు: మనమే పిలవాలి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో వందకు పదమూడు మంది తెలుగువాళ్లం. ఉగాదికీ సంక్రాంతికీ సభలు పెట్టి, ప్రధాన భూభాగం నుంచి గాయకులను విమానాల్లో రప్పిస్తున్నాం. ఒక్క ఏడాది ఆ డబ్బుతో కోచ్‌లను రప్పిద్దాం. తెలుగు పిల్లలకే అని గిరి గీయకుండా బెంగాలీ, తమిళ, నికోబారీ పిల్లలకూ, రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలకూ, అందరికీ పెడదాం. దీవుల పాలనా యంత్రాంగాన్ని స్టేడియం ఇమ్మని, స్కూళ్లకు నెల ముందే కబురు పంపమని అడుగుదాం.

పడవాయన: అది జరిగేసరికి నా కూతురు కాలేజీ కూడా దాటిపోతాది.

మాష్టారు: దాటిపోవచ్చు. అందుకే నీ కూతురికి వేరే దారి చెబుతున్నాను. ఈ రోజే ఆ కాలేజీవాళ్లకు మూడు ప్రశ్నలు పంపు. ఒకటి: ఈ ఏడాది ఎన్ని ఉచిత సీట్లు, అందులో సెట్టర్‌కు ఉన్నదా? రెండు: పోయిన ఏడాది ఫీజు కట్టి క్యాంపుకు వచ్చినవాళ్లలో ఎంతమందికి సీటిచ్చారు? మూడు: పిల్లలు ఎక్కడ పడుకుంటారు, రాత్రి వాళ్లతో ఉండే ఆడమనిషి ఎవరు, ఆవిడ ఫోన్ నంబరేమిటి? వీడియో కూడా జతచెయ్యి. మూడింటికీ సూటిగా జవాబొస్తే కట్టు. "వచ్చాక మాట్లాడుకుందాం" అంటే ఆగిపో.

పడవాయన: మూడో ప్రశ్న నేనే మొదట అడగాలి. మిఠాయి గొడవలో పడి అది మర్చేపోయాను. సరే, గురువారం దాకా చూస్తాను. జవాబు రాకపోతే ఆ పదహారు వేలతో పిల్లకు మంచి బూట్లు కొని, మిగిలినదానితో మెయిన్‌ల్యాండ్‌లో ఏదైనా టోర్నమెంట్ ఆడే జట్టుతో పంపుతాను. జవాబొస్తే మాత్రం నువ్వు అడ్డుపడకూడదు.

మాష్టారు: పడను. కానీ ఒక్క మాట నీకే కాదు, హైస్కూల్లో ఆడే పిల్లలున్న ప్రతి ఇంటికీ చెప్పాలి. పిల్లకు ఆట నేర్పడానికి డబ్బు పెట్టండి, ఎంత పెట్టినా వృథా కాదు. పిల్లను ఎవరో ఎంచుకుంటారని డబ్బు పెట్టేముందు, ఆ ఎవరో మీ పిల్ల ఆటను ఒక్కసారైనా చూశారో లేదో అడిగి తెలుసుకోండి.